బోర్డు దగ్గర మాట తడబడిన రోజు

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు పెరుగుతుంది. మా ఇంట్లోవాళ్ళు "ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఎందుకా కోపం" అంటారు. ఏళ్ళు గడిస్తే కోపం చల్లారుతుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాది చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళు చదువుతారని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నేను టెలిఫోన్ ఆపరేటరుగా చేరి ఆ శాఖలోనే రిటైరయ్యాను. గోదావరి డెల్టాలో ఒక పట్టణం, పేరు అక్కర్లేదు. ఎనభైల మొదట్లో సంగతి. అప్పట్లో పై ఊరితో మాట్లాడాలంటే మా చేతుల మీదుగానే మాట్లాడాలి. మీరు నంబరు చెప్పి ట్రంక్ కాల్ బుక్ చేసి, ఇంటి దగ్గరో కొట్టు దగ్గరో ఎదురుచూస్తారు. మేము పెద్ద బోర్డు ముందు వరసగా కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, తీగల చివరనుండే ప్లగ్గులు చిల్లుల్లో గుచ్చి ఈ ఊరి గొంతును ఆ ఊరి గొంతుకు కలుపుతాము. అత్యవసరమైన కాల్‌కు లైట్నింగ్ అని పేరు. అది వచ్చిందంటే మిగతావన్నీ పక్కకు తప్పుకుని దారి ఇవ్వాల్సిందే.

నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి పుట్టిల్లు సామర్లకోట. అందుకని అందరం ఆమెను సామర్లకోటమ్మాయి అనేవాళ్ళం. ముప్ఫై కూడా నిండలేదు. భర్తది మా ఊరి బజారులో బట్టల కొట్టు. అత్తగారు కూడా పగలంతా కొట్లోనే గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. ఇంట్లో అందరూ వ్యాపారం చేసేవాళ్ళే అయినా ఈ పిల్ల పట్టుబట్టి ఉద్యోగం తెచ్చుకుంది. ఆమె గొంతు గురించి చెప్పాలి. తియ్యగా ఉండేదని కాదు, తేటగా ఉండేది. లైన్లో ఎంత గరగర ఉన్నా ఆమె చెప్పిన నంబరు అవతలివాళ్ళకు మొదటిసారే అర్థమయ్యేది. కడియం నర్సరీల వాళ్ళు బెంగుళూరుకీ కలకత్తాకీ మొక్కల లోడ్ల గురించి కాల్ బుక్ చేసేటప్పుడు "ఆ అమ్మాయినే కలపమనండి" అని అడిగేవారు.

ఆమెకు ముందు జ్వరాలు మొదలయ్యాయి. తర్వాత కీళ్ళ నొప్పులు. ఎండలో పది అడుగులు నడిస్తే బుగ్గలు, ముక్కు మీద ఎర్రగా కమిలేవి. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఒక డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, ఇంకొకాయన కీళ్ళవాతం అన్నాడు. ముఖం మీది మచ్చ చూసి మా క్యాంటీన్లో ఎవరో కుష్టు అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆమెకు వేరే గ్లాసు పెట్టారు. చదువుకుని, పరీక్షలు రాసి, గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు చేసిన పని అది. నేను ఆ గ్లాసు తీసుకుని టీ తాగి బల్ల మీద బోర్లించాను. అప్పటి నుంచి నాకు కూడా వేరే గ్లాసు పెట్టారు. సరే, ఇద్దరికీ తోడయింది.

చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ దగ్గర తేలింది. జబ్బు పేరు లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందిట. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు, మెదడు, దేన్నీ వదలకపోవచ్చు. అంటుకునేది కాదు. స్టెరాయిడ్ బిళ్ళలు రాశారు. వాటితో జ్వరం తగ్గింది, నొప్పులు తగ్గాయి, ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. మా సూపర్‌వైజరు గారు నవ్వుతూ "జబ్బంటావు, చూస్తే పెళ్ళికూతురిలా ఒళ్ళు చేశావు" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏం చేస్తుంది.

విశాఖ నుంచి వచ్చిన మర్నాడు భోజనాల గదిలో ఆమె మాకందరికీ చెప్పింది. మంచినీళ్ళు తాగినంత మామూలుగా చెప్పింది.

"డాక్టరమ్మ గారు గట్టిగా చెప్పారక్కా. ఈ జబ్బులో కొంతమందికి నెత్తురు తొందరగా గడ్డ కడుతుందిట. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు కదా, నేనూ ఆ కొంతమందిలో ఉన్నానేమోనని ఆవిడ అనుమానం. ఆ గడ్డ మెదడుకి వెళ్ళే నరంలో అడ్డంపడితే పక్షవాతం వస్తుందిట. వయసుతో పని లేదుట."

"ఛ, ఏం మాటలవి," అంది ఒకావిడ.

"మాటలు కాదండి. ఒక పక్క ముఖం జారినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి కంటికి చీకటి కమ్మినా, ఎప్పుడూ రానంత తలనొప్పి వచ్చినా వెంటనే బయల్దేరమన్నారు. టైము చూసుకోమన్నారు. కాసేపటికి తగ్గిపోతే తగ్గిందని కూర్చోవద్దన్నారు. అది రాబోయేదానికి ముందొచ్చే కబురుట."

సూపర్‌వైజరు గారు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. విన్నారని ఎందుకు నొక్కి చెప్తున్నానో మీకు తర్వాత తెలుస్తుంది. ఆయన విని, "అయితే మనం బోర్డు దగ్గర ఆసుపత్రి కూడా పెట్టుకోవాలన్నమాట" అని వెళ్ళిపోయారు.

ఆయన చెడ్డవాడు కాదని ఇప్పటికీ అందరూ అంటారు. లంచం ఎరగడు, తెల్లటి ఇస్త్రీ చొక్కా, టైమంటే టైము. నాకు ఎక్కువ మండేది ఆ మాటకే. చెడ్డవాడైతే ముందే జాగ్రత్తపడి ఉండేవాళ్ళం.

వర్షాలు తగ్గాక ఒక పొద్దున ఆమె పక్కన కూర్చుని పనిచేస్తున్నాను. ఆమె చేతిలో ప్లగ్గు చిల్లు మీద పడకుండా పక్కన చెక్కకు తగిలింది. మళ్ళీ గుచ్చబోయింది, మళ్ళీ పక్కకు పోయింది. లైన్లో ఎవరితోనో ఏదో అంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది. నేను తిరిగి చూసేసరికి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దానివంక చూస్తోంది. కొంచెంసేపటికి వేళ్ళు ముడిచింది, తెరిచింది. "తగ్గిపోయిందక్కా," అంది. మాట మామూలుగానే వచ్చింది. కానీ ముఖం పాలిపోయింది.

లైన్లో ఉన్నది కడియం నర్సరీ ఆసామి. ఆయన పదినిమిషాల్లో కంప్లైంటు చేశాడు. మీ ఆపరేటరు మత్తులో ఉన్నట్టు మాట్లాడింది, నంబరు తప్పు కలిపింది, అని. సూపర్‌వైజరు గారు మధ్యాహ్నానికి ఆమె చేతిలో మెమో పెట్టారు.

ఆమె సంజాయిషీ చెప్పబోయింది. "సార్, నేను మీ ముందే చెప్పానండి. ఇదేనండి అది. నాకు రేపు సెలవు కావాలండి, విశాఖ వెళ్ళాలి."

"మెమోకి జవాబు రాకుండా సెలవేంటమ్మా? వచ్చే వారం మంత్రిగారి టూరు. ఒక్క మనిషిని వదలడానికి లేదు."

"ప్రాణం సంగతి సార్," అన్నాను నేను.

"ఆవిడ నా ఎదురుగా నిలబడి నిక్షేపంలా మాట్లాడుతోంది. ప్రాణం అంటావేంటి?"

నిక్షేపంలా మాట్లాడటం ఆ రోజు ఆమె చేసిన నేరం.

సెలవు ఇవ్వకపోతే పోనీ అని నేను ఆమె భర్తను కలిశాను. కొట్లో రద్దీగా ఉంది. ఆయన చీరలు మడత పెడుతూనే విన్నాడు. "చూపించామండి, మా డాక్టరు గారికి. ఈ వయసులో పక్షవాతమేంటి, నీరసం అన్నారు. బలానికి బిళ్ళలు రాశారు. ఆ స్టెరాయిడ్లు ఒంటికి చెడు, వాపు వస్తోంది, మానెయ్యమన్నారు. అందుకని తేవడం లేదండి."

"విశాఖ ఆవిడని అడగకుండా ఆపేశారా?"

"విశాఖ డాక్టరుగారు దూరం కదండీ. ఈయన మా నాన్నగారి టైము నుంచి చూస్తున్నారు."

గల్లాపెట్టె దగ్గర నుంచి అత్తగారు అన్నారు. "ఆ బిళ్ళలు మింగినప్పటి నుంచే ముఖం గుమ్మడికాయలా అయింది. జబ్బు కంటే మందులే ఎక్కువయ్యాయి. ఉద్యోగం మానెయ్యమంటే వినదు."

నేను తిరిగొచ్చి విశాఖకు కాల్ వేశాను. డాక్టరమ్మ దొరకలేదు, పరీక్షల డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళారన్నారు. వచ్చేదాకా రోజూ ప్రయత్నించమని, విశాఖ లైను చూసే మా సీనియరు ఆవిడకు చెప్పాను. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "నాకు వదిలెయ్యి," అంది.

మంత్రిగారి టూరు రోజు మధ్యాహ్నం. హాలంతా బిగుసుకుని ఉంది. రెండు లైన్లు ఆయన కోసమని ఖాళీగా అట్టేపెట్టారు. సూపర్‌వైజరు గారు మా కుర్చీల వెనక అటూ ఇటూ తిరుగుతున్నారు. సామర్లకోటమ్మాయి నా పక్కనే ఉంది. "లైన్లో ఉండండి" అనబోయింది. ఆ మాట రాలేదు. వచ్చింది మాట కాదు. తిరిగి చూశాను. నోరు ఒక పక్కకు జారింది. కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయి ఉంది. హెడ్‌సెట్ చెవి మీది నుంచి మెడలోకి జారింది.

ఆమె కళ్ళు మాత్రం పూర్తి తెలివితో ఉన్నాయి. నన్ను చూసింది. ఎడమచేత్తో తన నోరు చూపించింది, గోడ మీది గడియారం చూపించింది. టైము చూడమంటోంది. నోట్లోంచి ఒక్క మాట రాకపోయినా, చెయ్యాల్సింది ఆ హాల్లో అందరికంటే ముందు ఆమే చేసింది. నేను టైము చూసుకుని, ఆమె కుర్చీలోంచి పడకుండా పట్టుకుని కేక వేశాను.

ఇంక చూడండి మావాళ్ళ తెలివి. ఒకరు తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఫిట్సని. ఒకరు ముఖం మీద నీళ్ళు కొట్టారు. ఇంకొకావిడ వేడికాఫీ తెచ్చి నోటి దగ్గర పెట్టబోయింది. మింగుడు పడని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం కావాలి? గ్లాసు తోసేశాను. కాఫీ నా చీర మీద పడింది. సూపర్‌వైజరు గారు పరుగున వచ్చారు.

"పక్కగదిలో పడుకోబెట్టండి. కాసేపట్లో లేస్తుంది. మొన్న తగ్గలేదా? నువ్వు సీట్లో కూర్చో, మంత్రిగారి కాల్ వస్తోంది."

"నేను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"బోర్డు వదిలావంటే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండి. ఇవ్వండి మెమో. ఇద్దరికీ కలిపి ఒకటే ఇవ్వండి, కాగితం కలిసొస్తుంది."

అన్నేళ్ళ సర్వీసులో పై అధికారికి నేను అలా జవాబు చెప్పడం అదే మొదలు. విశాఖ లైను ఆవిడ తన సీట్లోంచే అంది. "నువ్వెళ్ళు. డాక్టరమ్మ ఇవాళ ఎక్కడున్నా నేను పట్టుకుంటాను."

ఇద్దరు ఆఫీసు ప్యూన్లు కుర్చీతో సహా ఎత్తి కిందికి దించారు. కౌంటరు దగ్గర ఒక పెద్దాయన బిల్లు గురించి గొడవ పడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. బయట ఆయన వ్యాను ఉంది, నిండా మొక్కలు. ఏమీ అడక్కుండా వ్యాను వెనక తలుపు తీసి, కుండీలు రోడ్డు మీదికి దించేయమని డ్రైవరుతో చెప్పాడు. గోనెసంచులు పరిచి ఆమెను పడుకోబెట్టాక నన్ను అడిగాడు.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"ఇక్కడ ఆపరేటరండి. మీ కడియం కాల్స్ కలిపేది ఈమే."

ఆయన ఇంకో గోనెసంచి మడిచి ఆమె తల కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మొన్న మత్తులో ఉందని కంప్లైంటు ఇచ్చింది నేనేనండి."

 ఈ కథలో తన తప్పు తానే మొదట ఒప్పుకున్న మనిషి ఆయనే. అది కూడా రాయాలి.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాం. డ్యూటీలో కుర్ర డాక్టరు. ఆమె వంక చూసి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా?"

"లూపస్ ఉందండి. నెత్తురు గడ్డ కట్టే ప్రమాదం ఉందని విశాఖ డాక్టరుగారు చెప్పారు. మొన్న ఒకసారి ఇలాగే వచ్చి తగ్గింది."

"ఈ వయసు ఆడవాళ్ళకి స్ట్రోకులు రావమ్మా. ఇవి మనసుకు సంబంధించినవి. మత్తు ఇంజెక్షను ఇస్తాను, నిద్రపోతే సర్దుకుంటుంది."

"ముఖం చూడండి. ఒక పక్కే జారింది. ఆ చెయ్యి ఎత్తి వదిలి చూడండి."

"మీరు డాక్టరా?"

ఈ ప్రశ్న నా జీవితంలో చాలామంది చాలా చోట్ల అడిగారు. జవాబు తెలిసి అడిగేదాన్ని ప్రశ్న అనరు. నేను మంచానికి అడ్డంగా నిలబడ్డాను. ఆ ఇంజెక్షను ఇవ్వనివ్వనన్నాను. నర్సు నన్ను పక్కకు లాగబోయింది. అంతలో మా ఆఫీసు నుంచి కబురంది ఆమె భర్త, అత్తగారు వచ్చారు. అత్తగారు కోడల్ని చూసి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, అది అబద్ధమనను. కానీ ఏడుపు తుడుచుకుని అన్న మాట ఇది.

"మెట్ట వైపు ఒక ఊళ్ళో పక్షవాతానికి పసరు పోస్తారు. పొద్దుగూకేలోగా పోయిస్తే నడిచి వస్తారట. రిక్షా పిలువు నాయనా."

"ఆవిడకి మింగుడు పడదండి. పసరు పోస్తే అక్కడికక్కడే పోతుంది."

"నా కోడలు నా ఇష్టం. నువ్వెవరివమ్మా?"

డాక్టరేమో పక్షవాతమే కాదంటున్నాడు. అత్తగారు పక్షవాతమేనని పసరుకు తీసుకెళ్తానంటున్నారు. భర్త ఇద్దరి మధ్యా నిలబడి ఎవరు మాట్లాడితే వాళ్ళ వంక చూస్తున్నాడు. మంచం మీది మనిషి ఒక్కతే అందరి మాటలూ విని, అర్థం చేసుకుని, నోరు పెగలక, కంటి కొసల నుంచి నీళ్ళు కారుస్తోంది. తన జబ్బేంటో, ఏం చెయ్యాలో ఆ గదిలో అందరికంటే ఆమెకే తెలుసు. ఎడమచేత్తో నా కొంగు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

అప్పుడు ఆసుపత్రి ఆఫీసు గదిలో ఫోను మోగింది. గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. "డాక్టరు గారూ, విశాఖ నుంచి లైట్నింగ్ కాలండి. మీకేనట."

మా సీనియరు ఆవిడ చేసిన పని తర్వాత తెలిసింది. మంత్రిగారికని అట్టేపెట్టిన లైను తీసుకుంది. విశాఖ ఆపరేటరును బతిమాలింది. అక్కడివాళ్ళు మెడికల్ కాలేజీకి ఫోను చేసి, పాఠం చెప్తున్న డాక్టరమ్మను క్లాసులోంచి లేపించారు. మా ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళామో తెలియక ఉన్నవాటన్నిటికీ వరసగా రింగులు కొట్టి కనుక్కుంది. పక్కన సూపర్‌వైజరు గారు నిలబడి అరుస్తూనే ఉన్నారట. "అరవండి సార్, లైన్లో వినపడుతుంది," అందట.

కుర్ర డాక్టరు ఫోను ఎత్తి మొదట గట్టిగానే మాట్లాడాడు. తర్వాత "ఎస్ మేడమ్" అన్నాడు. మళ్ళీ "ఎస్ మేడమ్". కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాసేపటికి ఫోను నాకిచ్చాడు.

"స్టెరాయిడ్ రోజూ వేసుకుంటోందా?" అన్నారు డాక్టరమ్మ.

"ఇంట్లోవాళ్ళు ఆపేశారండి. వాళ్ళ డాక్టరుగారు మానెయ్యమన్నారట."

 ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. కోపం మరీ ఎక్కువైతే కొందరి గొంతు అలా దిగుతుంది. "నోట్లో ఏదీ పొయ్యనివ్వొద్దు, నీళ్ళు కూడా. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్టెరాయిడ్ ఇంజెక్షనుగా ఇప్పుడే ఇమ్మన్నాను. కాకినాడ పెద్దాసుపత్రిలో నా మనిషితో మాట్లాడతాను. ఇక్కడికి రావాలని టైము పాడుచెయ్యొద్దు, కాకినాడ వెళ్ళండి. ఇప్పుడే."

అంబులెన్సు అడిగాం. మంత్రిగారి కార్ల వెనక వెళ్ళిందన్నారు. ఆరోగ్యంగా ఉన్న మంత్రిగారి వెనకాల. ఈ వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇప్పుడూ ఆగాను. కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ రాస్తున్నాను.

మొక్కల వ్యానులోనే కాకినాడ బయల్దేరాం. నర్సరీ ఆసామి ముందు సీట్లో. వెనక ఆమె, భర్త, నేను. కుర్ర డాక్టరు కూడా తనంత తనే ఎక్కి సెలైను సీసా ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు మెట్ల మీద ఉండిపోయారు. దారిలో డాక్టరు నాతో అన్నాడు. "మీరు అడ్డం నిలబడకపోతే నేను ఆ ఇంజెక్షను ఇచ్చేసేవాణ్ణండి."

"తెలుసు," అన్నాను.  ఓదార్చడం నా పని కాదు.

సామర్లకోట కూడలిలో ఆమె తండ్రి రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. మావాళ్ళు ఆయనకు కూడా కబురు అందించారు. తన కొట్టు వదిలి చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. వ్యాను ఎక్కి కూతురు తలవైపు కూర్చుని, అల్లుడి వంక చూసి, "నాకు ఒక్క ముక్క చెప్పకపోయారా బాబూ" అన్నాడు. ఆయన అన్నది అంతే. కాకినాడ వచ్చేదాకా అల్లుడు తల ఎత్తలేదు.

కాకినాడలో స్ట్రెచరు పట్టుకుని గుమ్మంలోనే ఎదురుచూస్తున్నారు. అప్పట్లో మా వైపు మెదడును ఫోటో తీసే స్కాన్లు లేవు. వెన్నులో సూది వేసి చూశారు, ఇంకేవో పరీక్షలు చేశారు. నరం చిట్లి నెత్తురు పారింది కాదు, గడ్డే అని తేల్చుకుని మందు మొదలుపెట్టారు. మొదటిసారి మాట ముద్దయిన రోజునే తీసుకొచ్చి ఉంటే, స్టెరాయిడ్ ఆపకుండా ఉంటే ఎలా ఉండేదో చెప్పలేమన్నారు. చెప్పలేమన్న ఆ మాట మోసుకుని ఎవరైనా ఇంటికి వెళ్ళగలరేమో నాకు తెలియదు. ఆమె భర్త ఎలా వెళ్ళాడో అడగలేదు.

ఆమె బతికింది. కాలు వచ్చింది. కుడిచెయ్యి సగమే వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ నెమ్మదిగా, ఒక్కో పదం వెతుక్కుని తెచ్చుకోవాలి. బోర్డు మీద ఆ గొంతు మళ్ళీ వినపడలేదు. పనికిరాదని ఇంటికి పంపబోతే యూనియన్ వాళ్ళం ధర్నా చేశాం. చివరికి కమర్షియల్ సెక్షన్లో గుమాస్తాగా వేశారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది.

బోర్డు వదిలినందుకు నాకు, లైను వాడినందుకు మా సీనియరు ఆవిడకు శిక్షలు పడ్డాయి. ఆవిడకు ప్రమోషన్ కూడా ఆగింది. మంత్రిగారి టూరు చక్కగా నడిపినందుకు సూపర్‌వైజరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి తన టేబులు వెనక తగిలించుకున్నారు. రోజూ దాని ముందు నుంచే నడిచి డ్యూటీకి వెళ్ళాను.

ఇప్పుడు కాలం మారింది. స్కాన్లు వచ్చాయి, గడ్డను కరిగించే ఇంజెక్షన్లు వచ్చాయి. కానీ ఆ ఇంజెక్షను అందరికీ పనికిరాదు, పనికొచ్చినవాళ్ళకు కూడా మొదటి కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. అందుకే మనిషి చివరిసారి బాగున్నది ఎప్పుడో గుర్తుపెట్టుకోండి. ఇంట్లో కూర్చుని నిమ్మరసం, కాఫీ, పసరు అనకండి. తెలిసినవాళ్ళెవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా వేయకండి, లోపల గడ్డ కట్టిందో, నరం చిట్లిందో స్కాను చూస్తేనే తెలుస్తుంది. లూపస్ ఉన్న మనిషి అయితే ఆసుపత్రి గుమ్మంలోనే ఆ పేరు చెప్పండి, వాడే మందులన్నీ చెప్పండి. వయసు చూసి ఎవరైనా నవ్వితే ఇంకోసారి గట్టిగా చెప్పండి. రాసిచ్చిన డాక్టరును అడగకుండా ఆ మందులు ఆపకండి. ఇవన్నీ మీకు తెలిసినవే అనుకుంటారు. మాకు కూడా తెలిసినవే. భోజనాల గదిలో అందరికీ ఆమె చెప్పింది కదా.

కొన్నేళ్ళ తర్వాత సూపర్‌వైజరు గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభ. ఆయన మెడలో చామంతుల దండ. ఒక్కొక్కరే లేచి పొగుడుతున్నారు. క్రమశిక్షణ అన్నారు, కన్నతండ్రి లాంటివారన్నారు. సామర్లకోటమ్మాయి లేచి, తనూ మాట్లాడతానని చెయ్యి ఎత్తింది. వేదిక మీదున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పాపం, వచ్చే రెండు మాటలు రానివ్వండి అన్నట్టు మైకు ఇచ్చారు.

ఆయన్ని నలుగురిలో కడిగెయ్యాలని నేను ఎదురుచూశాను. ఆమె ఆయన వంక చూడలేదు. కొత్తగా చేరిన ఆపరేటర్ల వంక చూసింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. ముఖం ఒక పక్క జారితే. చెయ్యి పట్టు తప్పితే. మాట ముద్దయితే. కన్ను మసకబారితే. తగ్గిపోయినా సరే. హాల్లో అందరూ కదలకుండా విన్నారు. చాలాసేపు పట్టింది. సూపర్‌వైజరు గారు గడియారం చూసుకుని, ఇక చాలన్నట్టు చేతులు జోడించి లేవబోయారు.

ఆమె అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"కూర్చోండి సార్. గొంతు బాగున్నప్పుడు... ఇదే చెప్పానండి. గుమ్మంలో నిలబడి... విన్నారు. ఇప్పుడు నెమ్మదిగా చెప్తున్నాను. పూర్తయ్యేదాకా... కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. మెడలో దండ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా తల వంచుకుని కూర్చున్నారు.